మంగళవారం ఎలుక

తెల్లవారేసరికి గట్లు ఊపిరి వదిలాయి.

ముదిగుంటపల్లిలో ఇప్పుడు కోడి కూత కంటే ముందు వినిపించేది ఆ చప్పుడే. గుట్ట వాలు మీద మెట్లు మెట్లుగా పడుకున్న ఇరవై రెండు గట్లు, రాత్రంతా పీల్చుకున్న చెమ్మను ఒక్కసారిగా పైకి వదిలితే వేరుశనగ చేల మీద మోకాలెత్తున పొగమంచు లేస్తుంది. కొత్తగా చూసినవాళ్లు ముచ్చటపడతారు. లాస్యమ్మకు మాత్రం ఐదేళ్లుగా ఆ చప్పుడు వింటే గుండె జారుతూనే ఉంది. మట్టి ఊపిరి తీయడమేమిటి? తీసేది ఏదో ఒకనాడు ఆపదా? ఆపేనాడు దాని కింద ఎవరుంటారు?

కింద ఉండేది ఆమె కూతురే. అదీ ఆమె భయం.

అది రెండు వేల అరవై ఎనిమిదో సంవత్సరం, ఆషాఢ మాసం. లాస్యమ్మ పుట్టిన కాలంలో ఆడపిల్లలందరికీ లాస్య, చైత్ర, హాసిని అని ముద్దు పేర్లు పెట్టారు. వాళ్లంతా ఇప్పుడు యాభై దాటి, మోకాళ్ల నొప్పులతో లాస్యమ్మలూ చైత్రమ్మలూ అయ్యారు. వాళ్ల పిల్లల నాటికి పాత పేర్ల మీద మోజు తిరిగొచ్చింది. అట్లా లాస్యమ్మ కూతురు మారెక్క అయింది. ఇరవై నాలుగేళ్ల మారెక్క ఆ ఊరి గట్టు కాపరి. ఇరవై రెండు గట్ల మంచీచెడ్డా చూడడం, పెద్ద వాన పడితే ఈల వేసి ఊరిని హెచ్చరించడం, తర్వాత కుంటలోకి దిగి తూము తీయడం ఆమె పని. కుంటకు నేరుగా ఎగువన ఉన్నది ఏడో గట్టు. అది తెగితే నీళ్లు లాస్యమ్మ చేను మీదుగా పరుగెత్తి, తూము దగ్గర నిలబడిన మనిషి మీదే పడతాయి.

ఆ ఏడో గట్టే లాస్యమ్మ చేనుకూ, దాని పైనున్న చైత్రమ్మ చేనుకూ మధ్య హద్దు.

ఆ పొద్దు లాస్యమ్మ కుడి పిడికిట్లో ఉప్పు, మూడు ఎండుమిరపకాయలు బిగించి పట్టుకుని, తన చేలోని కంది సాలు చాటున నిలబడింది. కాసేపటికి పైనుంచి చైత్రమ్మ వచ్చింది. గట్టెక్కి, బొట్టునీటి పైపు మర తిప్పి, నడుం మీద చేయి వేసుకుని కుంట దిక్కు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వెళ్లిపోయింది.

"చూడు చూడు, కళ్లారా చూడు," అని లోలోపల గొణుక్కుని లాస్యమ్మ గట్టెక్కింది. మెత్తటి మట్టిలో చైత్రమ్మ అడుగు అచ్చు వేసినట్టు పడి ఉంది. ఉప్పూ మిరపకాయలూ ఉన్న అదే పిడికిలి విప్పి, ఆ అడుగు మధ్య నుంచి మట్టి పెళ్లగించింది. మంగళవారం కాబట్టి రెండో పిడికెడు కొంగులో వేసుకుంది.

ఎవరి కన్ను తగిలిందని అనుమానమో వాళ్ల కాలి కింది మట్టి తీసి, ఉప్పూ మిరపకాయలతో కలిపి బిడ్డ చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేయాలి. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టే. లాస్యమ్మ అవ్వ చెప్పిన పద్ధతి అది. రెండు నెలల కిందట గట్టు కాపరి పనికి చైత్రమ్మ కొడుకు సుంకన్న కూడా దరఖాస్తు పెట్టాడు. వాడికి రాలేదు, మారెక్కకు వచ్చింది. ఆ మరునాటి నుంచి చైత్రమ్మ రోజూ గట్టు మీద నిలబడి కుంట వైపు చూస్తూనే ఉంది. తల్లి అయినదానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఇంటికి వచ్చేసరికి మారెక్క రాగి సంగటి ముద్ద ముగించి చెప్పులు వేసుకుంటోంది.

"ఉండు, కదలొద్దు."

"ఈ పొద్దూనా అమ్మా? రోజూ ఏంటికి?"

"మంగళారం మే. గమ్మునుండు."

"యాడిది ఈ మట్టి?"

"మూడు దార్లు కలిసే కాడిది. మట్టికి పేరుంటాదా?"

"నా పనే మట్టికి పేరు చదివేది కదమ్మా," అని నవ్వింది మారెక్క. తల్లి మూడుసార్లు తిప్పి, పెరట్లో ఈ పని కోసమే దాచుకున్న మట్టి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. లాస్యమ్మ ముఖం పాలిపోయింది. అదే చేత్తో కూతురి రెండు అరచేతులూ తుడిచి, కణతల దగ్గర మెటికలు విరిచి పంపించింది.

---

ఈ గట్ల సంగతి కొంచెం చెప్పాలి.

పూర్వం గట్టు అంటే ఉత్త మట్టి. వానకు కరిగేది, నాగలికి తరిగేది. వాలు మీద పడిన ప్రతి వానా ఒక పొర మట్టిని మోసుకుపోయి కుంటలో పోసేది. చేలు బక్కచిక్కి, కుంటలు పూడి, చివరికి ఆ సీమలో రాళ్లే మిగిలే రోజులు వచ్చినప్పుడు మన్ను-నీళ్ల పరిశోధన కేంద్రంలో డాక్టర్ అఫ్రీన్ అనే ఆమె ఒక శిలీంధ్రాన్ని, అంటే ఒక రకం బూజును, తయారు చేసింది. దాని దారాలు వెంట్రుక కన్నా సన్నం. మట్టి రేణువుల మధ్య వలలాగా అల్లుకుని ఒకదానితో ఒకటి కుట్టేస్తాయి. వాన పడితే నీళ్లు తాగి ఉబ్బుతాయి, ఎండలో ఆ నీళ్లనే చేలకు వదులుతాయి. పగులు పడితే వాటంతట అవే పూడ్చుకుంటాయి. శనివారం శనివారం ఇంత జొన్న గంజి పోస్తే చాలు. కేంద్రం వాళ్లు దీనికి జీవకట్ట అని పేరు పెట్టారు. ఊరు మాత్రం ఊపిరి గట్టు అంది.

దీనికి అఫ్రీన్ ఒక తెలివి కూడా నేర్పింది. గట్లకు మొదటి శత్రువు ఎలుక. అది ఒకేచోట రోజూ తవ్వుతుంది. అందుకని, ఒకేచోట మళ్లీ మళ్లీ గాయమైతే గట్టు ఆ చోటు నుంచి తన దారాలను వెనక్కి లాక్కుంటుంది. దారాలు లేని ఉత్త మట్టి ఎలుకకు రుచించదు, అది వెళ్లిపోతుంది. అప్పుడు గట్టు తిరిగి వచ్చి కన్నం పూడ్చుకుంటుంది. అంతేకాదు, కరిచినదాని రుచిని గుర్తుపెట్టుకుంటుంది. ఆ రుచి మళ్లీ తగిలితే కరవకముందే ముడుచుకుంటుంది.

అఫ్రీన్ ఎదురుచూస్తున్నది ఇంకొకటి ఉంది. తన చోటు భద్రమని గట్టుకు ధైర్యం కలిగితే, దాని పాదం దగ్గర పిల్లగట్టు మొలవాలి. గట్టుకు గట్టు పుడితే ఇక సీమంతా తనంతట తానే కట్టుకుంటుంది. పదేళ్లయింది. ఎక్కడా ఒక్కటీ మొలవలేదు.

గట్టు లోపలి మాట వినడానికి ఒక కడ్డీ ఉంది. కేంద్రం వాళ్ల కాగితాల్లో దాని పేరు మృత్సంవేదిని. ఊళ్లో మట్టిచెవి. కొన గట్టులో గుచ్చి, దాని పక్కన అరచేయి ఆనిస్తే అది పలుకుతుంది. ఆ పొద్దు ఎనిమిది గంటలకు మారెక్క ఏడో గట్టులో దాన్ని గుచ్చి చేయి ఆనించగానే గట్టు ఉలిక్కిపడినట్టు వేళ్ల కింద గట్టిపడింది.

"ఏడో గట్టు, తూర్పు నుంచి నలభై రెండో అడుగు," అంది కడ్డీ, పాఠం అప్పజెప్పే గొంతుతో. "దారాలు లేవు. రెండు వైపుల నుంచీ వెళ్లిపోయాయి. మిగిలిన గోడ మందం జానెడు."

పక్కనే ఉన్న అఫ్రీన్ నొసలు పట్టుకుంది. "మళ్లీ పెరిగింది. రెండు నెలలుగా ఈ ఎలుక నన్ను చంపుతోంది మారెక్కా. బోను పెడితే పడదు, మందు పెడితే తినదు. పోనీ విసుగు పుట్టి పోతుందా అంటే, అదీ లేదు."

"శుక్రవారం వానంట మేడం."

"పన్నెండు సెంటీమీటర్లు. ఈ గోడ ఆగదు. గంజి పోసినా ఆ చోటికి దారాలు రావడం లేదు, భయపడిపోయింది. కరిచింది ఏదో తెలిస్తే తప్ప దాని భయం పోగొట్టలేను." అఫ్రీన్ సంచీలోంచి ఇంకో కడ్డీ కొన తీసింది. "రుచి చదివే కొన ఇది. ఎల్లుండికి అమరుస్తాను. అప్పుడు అదే చెప్తుంది."

కింద కలుపు తీస్తున్న లాస్యమ్మకు ఇందులో మూడే మాటలు చెవిన పడ్డాయి. జానెడు. ఆగదు. శుక్రవారం. ఆమె చేతిలోని కొడవలి జారింది.

---

లాస్యమ్మకు ఎలుకల మీద నమ్మకం లేదు. ఎలుక అయితే మట్టి కుప్ప ఉండదా? పెంటికలు ఉండవా? ఇది మనిషి పనే. పైచేను మనిషి పనే. గట్టు తెగి నీళ్లు కిందకి దూకితే ఎవరి బిడ్డ పోతుంది, ఎవరి కొడుకుకు ఆ పని వస్తుంది? ఇంత వివరంగా కనబడుతుంటే ఊరికి కనబడదేం?

బుధవారం పొద్దున పిడికెడు మట్టి తీసుకుని దిగబోతుండగా చైత్రమ్మ ఏదో మరచిపోయినట్టు మళ్లీ వచ్చింది. ఇద్దరూ ఎదురుపడ్డారు. లాస్యమ్మ చేయి కొంగులోకి పోయింది. చిత్రంగా, చైత్రమ్మ చేయి కూడా కొంగులోకే పోయింది.

"ఏమి లాస్యక్కా, కంది సాల్లో ఏమన్నా పోగొట్టుకున్నావా? దినామూ ఆన్నే ఉంటావే?"

"నా చేలో నేనుంటే నీకేమొచ్చె? నువ్వు మర తిప్పేకి వస్తావో, మా పిల్లను చూసేకి వస్తావో నాకు తెలీదనుకుంటాండావా?"

"చూస్తే ఏమి, అరిగిపోతాదా?"

"అరిగిపోతాంది కాబట్టే అడుగుతాండా. ఈ గట్టు జానెడే ఉందంట. నీ దిక్కు నుంచి ఎవరు తవ్వినారో?"

చైత్రమ్మ ముఖం ఎర్రబడింది. "నీ దిక్కు నుంచి తవ్వినోళ్లను అడుగుపో. రేపు నోరున్న కడ్డీ పెడ్తారంట కదా. చెప్తాదిలే ఎవరి బండారం ఏమిటిదో."

ఆ మాటలోని నిబ్బరం చూసి లాస్యమ్మ గబగబా గట్టు దిగింది. ఈమె ఇంత ధైర్యంగా ఉందంటే ఆ కడ్డీకి ముందే ఏదో నేర్పించి ఉంటుంది. ఇంటికి పోయి కూతురితో అంది: "రేపు నువ్వు ఆ గట్టు కాడికి పోవద్దు పాపా. కడుపు నొప్పి అని చెప్పు."

"గట్టు కాపరి గట్టు కాడికి పోకుంటే ఎట్లమ్మా?"

"ఆ కడ్డీ మంచిది కాదు."

"అది కడ్డీ అమ్మా. మంచీ చెడూ దానికేం తెలుసు?"

"అందుకే భయం," అంది లాస్యమ్మ.

---

గురువారం పొద్దున తొమ్మిదింటికి గట్టు సంఘం మొత్తం ఏడో గట్టు మీద చేరింది. సంఘం అధ్యక్షుడు తనీష్ రెడ్డి గొడుగు వేసుకుని నిలబడ్డాడు. సంఘం కట్టుబాటు అందరికీ తెలిసిందే. గట్టు కోసినవాళ్లకు ఏడాది పాటు నీళ్ల వంతు ఉండదు. ఆ కోసింది కాపరే అయితే ఈల లాక్కుని ఊరి ముందు పంపించేస్తారు, మళ్లీ ఏ ఊళ్లోనూ ఆ పని దొరకదు.

అఫ్రీన్ కొత్త కొన బిగించి, కన్నం ఎదుట గుచ్చింది. "ఎలుకో, పందికొక్కో, ఎండ్రకాయో చెప్తుంది. ముందు మనిషి చేయి ఎట్లుంటుందో దీనికి చూపించాలి. మారెక్కా, నువ్వు పెట్టమ్మా చేయి."

మారెక్క వంగి అరచేయి ఆనించింది. గట్టు మీద పచ్చటి నాచు చర్మంలా ముడుచుకుంది. అందరికీ కనబడేట్టు ముడుచుకుంది.

"గాయం చేసిన రుచి, ఇప్పుడు తాకిన రుచి ఒకటే," అంది కడ్డీ.

అఫ్రీన్ కొన తుడిచి మళ్లీ గుచ్చింది. మారెక్క మళ్లీ చేయి పెట్టింది. కడ్డీ మళ్లీ అదే చెప్పింది.

"కాపాడమని ఈల ఇస్తే, చేతికి పార కూడా మనమే ఇచ్చినట్టుందే," అని వెనక నుంచి చైత్రమ్మ గొంతు వినిపించింది.

"నేను గోరు కూడా గీయలే మామా," అంది మారెక్క, తనీష్ రెడ్డి వైపు తిరిగి. "ఈ గట్టును నేనేంటికి కోస్తా? తెగితే చచ్చేది నేనే కదా."

"అది నిజమే పాపా. కానీ కడ్డీ అబద్ధం చెప్పేకి దానికేం పొలముందా, పుట్రుందా?" తనీష్ రెడ్డి ఇబ్బందిగా గొడుగు చేయి మార్చాడు. "కట్టుబాటు కట్టుబాటే. ఆ ఈల ఇట్లియ్యి."

లాస్యమ్మ గుంపును తోసుకుంటూ వచ్చింది. "కడ్డీకి ఎవరో నేర్పించినారు! నేను నిన్ననే చెప్తిని. మేడమ్మా, నీ కడ్డీని రాత్రి ఎవరింట్లో పెట్టినావు? ఈ చైత్రమ్మ ఇంటికి పోయినావా లేదా?"

"అక్కా, అది నా పెట్టెలోనే ఉంది. కడ్డీకి నేర్పించడం కుదరదు. అది గట్టు చెప్పిందే చెప్తుంది." అఫ్రీన్ కడ్డీని ఇంకాస్త లోపలికి నొక్కింది. "మారెక్క మీద నాకూ నమ్మకం ఉంది. ఉండండి, గాయాల పట్టీ మొత్తం చదివిస్తాను. గాయాలన్నీ వినిపించు," అని కడ్డీతో అంది.

కడ్డీ మొదలుపెట్టింది. "కింది వైపు. గాయం పరిమాణం పిడికెడు. ఐదు వేళ్లు, కుడి చేయి. మొదటి గాయం వైశాఖ బహుళ తదియ. అప్పటి నుంచి ప్రతి ఉదయం. చెమటతో పాటు ఉప్పు, ఎండుమిరప. ఆదివారం రెండు పిడికెళ్లు. మంగళవారం రెండు పిడికెళ్లు. అమావాస్య నాడు మూడు."

అఫ్రీన్‌కు ఏమీ అర్థం కాలేదు. "ఎండుమిరప ఏమిటి?" అని నొసలు చిట్లించింది.

అర్థం కానిది అక్కడ ఆమె ఒక్కతికే. గుంపులోని ఆడవాళ్లందరూ ఒక్కసారిగా తల దించుకున్నారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మగవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తనీష్ రెడ్డి ఆకాశం వైపు చూశాడు.

లాస్యమ్మ తన కుడి చేయి చూసుకుంది. పిడికెడు. పిడికెడు మట్టి గట్టుకు లెక్కా? బారెడు వెడల్పున్న గట్టు అది! కానీ ఆమె చేతివేళ్లకు ఆ కన్నం గుర్తుంది. ఈమధ్య మట్టి తీయడానికి మోచేతి దాకా చేయి దించాల్సి వస్తోందని తెలుసు. చైత్రమ్మ బరువుకు అడుగు లోతుగా పడుతోందని అనుకుంది కానీ, ఇంకోలా తోచనే లేదు. అదే చేత్తో కూతురి అరచేతులు తుడిచిందే! తన చెమట, తన ఉప్పు, తన మిరప ఘాటు ఆ పిల్ల చేతులకు పూసి, రోజూ ఈ గట్టు దగ్గరికే పంపిందే!

నోరు విప్పితే నీళ్ల వంతు పోతుంది. అది పోనీ. దానికన్నా పెద్దది, "నీ కన్ను దిష్టి కన్ను" అని పక్క చేని మనిషిని ఊరందరి ముందు అన్నట్టవుతుంది. పొద్దున లేస్తే ఆ ముఖమే చూడాలి, కడదాకా.

మారెక్క మెడలోంచి ఈల తాడు తీస్తోంది. తాడు జడకు చిక్కుకుంది. లాగుతోంది, రావడం లేదు.

"పెట్టుకో," అంది లాస్యమ్మ. "ఆ చేయి నాది."

"అమ్మా?"

"నీకు మూడు దార్ల మట్టి అని చెప్పింది అబద్ధం పాపా. చైత్రమ్మ కాలి మట్టి. ఈడ నిలబడి నిన్ను చూసి పోతాది కదా, ఆ అడుగులోంచి తీసినా. నీకేమన్నా అవుతాదని. దినామూ తీసినా." ఆమె కుడి చేయి గట్టు మీద పెట్టింది. గట్టు ముడుచుకుంది. కడ్డీ అడక్కుండానే "ఒకటే," అంది.

అఫ్రీన్ మెల్లగా గట్టు మీద కూర్చుండిపోయింది. "మంగళవారం రెండింతలు తినే ఎలుక," అని తనలో తాను అన్నట్టు అంది. "వారాలు తెలిసిన ఎలుక అని పెద్ద వ్యాసం రాస్తున్నాను నేను. సగం అయిపోయింది."

ఎవరో కిసుక్కున నవ్వారు. చైత్రమ్మ మాత్రం నవ్వలేదు. మెల్లగా గుంపులోంచి వెనక్కి జరగడం మొదలుపెట్టింది.

"పట్టీ పూర్తి కాలేదు," అంది కడ్డీ. "పై వైపు. పిడికెడు. కుడి చేయి, వేరే చేయి. ఉప్పు, ఎండుమిరప, ఆవాలు. మొదటి గాయం వైశాఖ బహుళ పంచమి. ప్రతి ఉదయం. ఆదివారం రెండు. మంగళవారం రెండు."

అందరూ పైచేని మనిషి వైపు తిరిగారు.

"నన్నేం చూస్తారు?" అని చైత్రమ్మ గయ్యిమంది. అంతలోనే గొంతు దిగిపోయింది. "ఆ పని రానప్పటి నుంచి నా కొడుకు సరిగ్గా బువ్వ తినడంలే. ఈ యమ్మ పొద్దన్నే కంది సాలు చాటున నిలబడి నా దిక్కే గుడ్లప్పగించి చూస్తాది. మనిషిని చూసి అట్ల దాక్కుంటే ఏమనుకోవాల నేను? ఆ యమ్మ దిగి పోయినాక ఆ యమ్మ అడుగులోంచే తీసినా."

"నేను దాక్కున్నది నువ్వు చూస్తాండావనే కదా!"

"నేను చూసింది నువ్వు దాక్కుంటాండావనే!"

"కుంట దిక్కు ఏంటికి చూస్తావు మరి?"

"నా కొడుక్కు రాని పని ఎట్లుంటాదో అని చూస్తా. చూసేదీ తప్పేనా?" చైత్రమ్మ కళ్లు తుడుచుకుంది. "ఆ పాప తూము కాడ జారకుండా దిగుతాదా లేదా అని కూడా చూస్తా. ఆడపిల్ల కదా."

లాస్యమ్మకు ఆ మాట నమ్మాలో లేదో తెలియలేదు. ఇప్పటికిప్పుడు నమ్మలేదు కూడా.

తనీష్ రెడ్డి గొంతు సవరించుకున్నాడు. "కట్టుబాటు ప్రకారం ఇద్దరికీ ఏడాది నీళ్ల వంతు..."

"ఒక్క నిమిషం అన్నా," అంది అఫ్రీన్. ఆమె చేతిలోని పలక మీద ఏవో లెక్కలు చూస్తోంది. "ఈ ఎలుక ఏడో గట్టులోనే కాదు. పద్దెనిమిది గట్లలో ఉంది. మూడు, ఐదు, ఎనిమిది... పదకొండులో మరీ ఎక్కువ, అక్కడ శుక్రవారం కూడా తింటోంది."

పదకొండో గట్టు తనీష్ రెడ్డిది. ఆయన పెళ్లాం గొడుగు నీడలోంచి మెల్లగా పక్కకు తప్పుకుంది.

"కట్టుబాటు సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు తనీష్ రెడ్డి. "వాన వస్తాంది. ముందు పని చూడండి."

---

కోసిన చేతులే పూడ్చాలంది అఫ్రీన్. వేరేవాళ్లు పూడిస్తే గట్టు ఆ మట్టిని తీసుకుంటుంది కానీ, ఈ రెండు రుచులంటే భయం పోదు, దారాలు రావు. ఆ రుచితోనే తిండి రావాలి, ఆ రుచితోనే మట్టి రావాలి.

గురువారం పగలంతా కింది నుంచి లాస్యమ్మ, పై నుంచి చైత్రమ్మ పిడికెడు పిడికెడుగా పూడ్చారు. తట్టతో పోయడానికి వీల్లేదు, చేత్తోనే వేయాలి. జొన్న గంజిలో ముద్ద చేసి పెట్టిన ప్రతిసారీ గట్టు ముడుచుకుంది. పెట్టి చేయి తీసేశాక, చాలాసేపటికి, ఒక సన్నటి తెల్లదారం వచ్చి ముద్దను తడిమి మళ్లీ లోపలికి పోయింది. ఎవరు ఎన్ని పెట్టారో ఇద్దరికీ తెలుసు. చైత్రమ్మ ఒకటి ఎక్కువ పెడితే లాస్యమ్మ రెండు పెట్టింది. పొద్దు వాలేసరికి కన్నం పూడి, ఆ చోట గట్టు మూపురంలా లేచింది.

శుక్రవారం మధ్యాహ్నం వాన దిగింది. మారెక్క ఈల వేసి, కుంటలోకి దిగింది. లాస్యమ్మ ఏడో గట్టు మీదే కూర్చుంది, ఎవరు రమ్మన్నా రాలేదు. పైచేలో నీళ్లు అడుగు లేచాయి, అడుగున్నర లేచాయి. గట్టు ఒళ్లంతా ఉబ్బి, పచ్చగా బిగిసి, ఆమె కింద గేదె వీపులా కదిలింది. నలభై రెండో అడుగు దగ్గర ముత్యమంత నీరు ఊరింది. ఆ ముత్యం అక్కడే నిలిచింది. దాని చుట్టూ తెల్లదారాలు ఒకటీ రెండూ పదీ వచ్చి అల్లుకున్నాయి. ముత్యం లోపలికి ఇంకిపోయింది.

కింద తూము తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఒళ్లంతా బురదతో మారెక్క కుంట గట్టెక్కి చేయి ఊపింది. లాస్యమ్మ చేయి ఊపబోయి, పక్కకు చూసింది. గట్టు పైవైపున తడిసి ముద్దయి చైత్రమ్మ కూడా కూర్చునే ఉంది.

---

శ్రావణం సగం గడిచింది. సంఘం వాళ్లు కట్టుబాటు మాట మళ్లీ ఎత్తలేదు. పద్దెనిమిది ఇళ్ల నీళ్లు ఆపాలంటే ముందు అధ్యక్షుడి నీళ్లే ఆపాలి.

లాస్యమ్మ, చైత్రమ్మ రోజూ పొద్దున ముద్దలు పెడుతూనే ఉన్నారు, ఒకరికన్నా ఒకరు తక్కువ కాకుండా. ఏడో గట్టు ఊళ్లో అన్నింటికన్నా ఎత్తు అయింది. అయినా వాళ్ల చేయి ఆనితే ముడుచుకోవడం మాత్రం మానలేదు. "గంజి తీసుకుంటోంది. ఈ చేతుల మీద నమ్మకం లేదు," అని కడ్డీ రోజూ ఒకటే మాట చెప్పేది.

"ఇంకెన్నాళ్లు మేడమ్మా?" అని అడిగింది లాస్యమ్మ ఒకనాడు.

"తెలీదక్కా. భయం నేర్పడం నాకు తెలుసు. మరిపించడం నేనెప్పుడూ నేర్చుకోలేదు," అంది అఫ్రీన్.

ఆ మరునాడు ఉదయం లాస్యమ్మ ముద్ద తీసుకుని వచ్చేసరికి గట్టు పాదం దగ్గర ఏదో కనిపించింది. మూరెడు పొడవు, బొటనవేలంత ఎత్తు. లేత పచ్చగా, చెమ్మగా ఉంది. మెల్లగా ఊపిరి తీస్తోంది.

పిల్లగట్టు.

ఆమె చూద్దామని వంగింది. వంగిందో లేదో పెద్ద గట్టు ఒళ్లు ముడుచుకుంది. కానీ ఈసారి వెనక్కి పోలేదు. ముందుకు వచ్చింది. అంచు మట్టి రవ్వంత రవ్వంతగా జరిగి, పిల్లగట్టు మీదకి కొంగులా కప్పుకుంది. లాస్యమ్మ అడుగు వెనక్కి వేసింది. గట్టు కొంచెం తెరిచింది. అడుగు ముందుకు వేసింది. కప్పేసింది.

లాస్యమ్మ అట్లాగే నిలబడిపోయింది. ఇది ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంది సాలు చాటు నుంచి తాను చూసిన చూపు ఇది. ఎవరెన్ని చెప్పినా నమ్మదు, గంజి పోసినా నమ్మదు. తన బిడ్డ దగ్గరికి వచ్చిన ప్రతి అడుగునూ అనుమానిస్తుంది. ఈ లోకంలో దానికి అందరికన్నా ఎక్కువ అనుమానం ఎవరి మీదో కూడా ఆమెకు తెలుసు.

ముద్దను పక్కన పెట్టింది. తన చేలోకి దిగి, తడి మట్టిలో తన కుడి పాదం మోపి తీసింది. ఆ అడుగు మధ్య నుంచి, తన కాలి కింది నుంచే, చిటికెడు మట్టి తీసుకుంది. గట్టుకు కొంచెం దూరంగా నిలబడి, చేయి చాచి, పిల్లగట్టు చుట్టూ ఒకసారి తిప్పింది. రెండుసార్లు తిప్పింది.

"ఉప్పు లేకుండానా మే?"

లాస్యమ్మ ఉలిక్కిపడి తలెత్తింది. గట్టు పైన చైత్రమ్మ.

"ఉప్పు తగిలితే దానికి మంట," అంది లాస్యమ్మ గొణుగుతూ. "లేతది."

చైత్రమ్మ కిందకి చూసింది. కప్పుకుని ఉన్న గట్టును, లాస్యమ్మ చేతిలోని చిటికెడు మట్టిని, చేలోని అడుగును వరుసగా చూసింది. తర్వాత తన చెప్పు విడిచి, గట్టు అవతల నేల మీద పాదం మోపి, వంగి చిటికెడు తీసుకుంది.

"ఇది కూడా కలుపు," అంది చేయి చాచి. "నన్ను మాత్రం నమ్ముతాదా అది?"